రాజీనామా వేళ నాయకత్వ బాధ్యత

స్మారకోపన్యాసం, పెద్దదోర్నాల

1. వెళ్ళే మనిషితో పాటు వెళ్ళేవి

రాజీనామా అంటే ఉద్యోగి తన ఇష్టంతో పదవిని వదులుకోవడం. బదిలీ ఉత్తర్వు పైనుంచి వస్తుంది. పదవీ విరమణ తేదీ ముందే తెలుస్తుంది. తొలగింపు సంస్థ చేతిలో ఉంటుంది. రాజీనామా ఒక్కటే పూర్తిగా వ్యక్తి నిర్ణయం. అది ఎప్పుడు వస్తుందో, ఎవరి నుంచి వస్తుందో నాయకుడికి ముందుగా తెలియదు. వచ్చిన రోజున మాత్రం ఏదో ఒక రకంగా స్పందించక తప్పదు. ఆ స్పందన మంచిదైతే సంస్థ ఒక మనిషిని మాత్రమే కోల్పోతుంది. చెడ్డదైతే ఆ మనిషితో పాటు మరెన్నో కోల్పోతుంది.

బాగా పనిచేసేవారు వెళ్ళిపోతే నష్టం నాలుగు రకాలుగా ఉంటుంది. మొదటిది, వారి చేతుల మీద నడిచే రోజువారీ పని ఆగుతుంది. రెండోది, ఎక్కడా రాసి లేని తెలివిడి పోతుంది. ఏ ఫైలు ఏ బల్ల దగ్గర ఆగుతుంది, ఏ బోరు ఏ నెలలో ఎండుతుంది, ఇంట్లో ఎవరితో మాట్లాడితే బడి మానేసిన పిల్ల మళ్ళీ వస్తుంది అన్న సంగతులు ఏ రిజిస్టరులోనూ ఉండవు. మూడోది, సంబంధాలు తెగుతాయి. చెంచుగూడేనికి ఏళ్ళ తరబడి వెళ్ళివస్తున్న ఏఎన్ఎం చెబితే తల్లులు బిడ్డకు టీకా వేయిస్తారు. కొత్తగా వచ్చినవారు ఆ నమ్మకాన్ని మొదటి నుంచి సంపాదించుకోవాలి. నాలుగోది, మిగిలినవారి మనసులో ఒక ప్రశ్న మొలకెత్తుతుంది: అంత మంచి మనిషే ఉండలేకపోతే మనమెందుకు ఉండాలి?

మొదటి నష్టాన్ని కొత్త నియామకం పూడుస్తుంది. మిగతా మూడింటినీ నియామకం పూడ్చలేదు. అవి నాయకుడి నడవడిక మీద ఆధారపడతాయి. ఖాళీ ఎలా నింపాలన్న తొందరలో చాలామంది మొదటి నష్టాన్నే చూసి, మిగిలిన మూడూ చేజారేదాకా గమనించరు.

రాజీనామా అందిన నాయకుడు కాపాడవలసినవి రెండు: వెళ్ళే మనిషి గౌరవం, మిగిలే పని భద్రత. వీటిలో ఒకదాని కోసం రెండోదాన్ని వదులుకోనక్కరలేదు. గౌరవంగా సాగనంపిన మనిషే పనిని మనస్ఫూర్తిగా అప్పగిస్తారు.

2. కారణాలు

పెద్దదోర్నాల మార్కాపురం, శ్రీశైలం, ఆత్మకూరు దారులు కలిసే కూడలి. ఊరు దాటితే నల్లమల. రాత్రివేళ అడవి దారిలో వాహనాలను పోనివ్వరు. ఇలాంటి చోట పనిచేసే ఉపాధ్యాయులు, డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీర్లు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు ఉద్యోగం వదిలే కారణాలు పట్టణాల్లోని కారణాలతో కొంత కలుస్తాయి, కొంత కలవవు. వాటిని మూడు తరగతులుగా చూడవచ్చు.

మొదటి తరగతి కుటుంబ కారణాలు. భార్యాభర్తలకు వేరు వేరు జిల్లాల్లో ఉద్యోగాలు, పిల్లల చదువు, ముసలి తల్లిదండ్రుల వైద్యం, మార్కాపురం నుంచి రోజూ వచ్చిపోవడంలో అలసట ఇందులోకి వస్తాయి. వీటికి సంస్థ కారణం కాదు. అయినా పని వేళలు, క్వార్టర్సు, సెలవుల సర్దుబాటుతో కొన్నింటిని తేలిక చేయగలుగుతుంది.

రెండో తరగతి పనిలోని కారణాలు. చాలని జీతం, ఆలస్యంగా అందే జీతం, ఎదుగుదల లేని హోదా, పైఅధికారి దురుసుతనం, ఇద్దరి పని ఒకరి మీద పడటం, చేసిన పనికి గుర్తింపు లేకపోవడం ఇలాంటివి. ఇవి సంస్థ చేతిలో ఉన్నవి. ఉద్యోగి వీటిని రాజీనామా లేఖలో సాధారణంగా రాయరు. “వ్యక్తిగత కారణాల వల్ల” అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఆ మాట చదివి అన్నీ కుటుంబ కారణాలే అనుకోవడం నాయకులు తరచుగా చేసే పొరపాటు.

మూడో తరగతి మనస్సాక్షికి సంబంధించినది. ఒక తప్పుకు నైతిక బాధ్యత వహించడం, ఒక విధానాన్ని ఒప్పుకోలేకపోవడం, ఒక అన్యాయానికి నిరసన తెలపడం దీని రూపాలు. ఇవి సంఖ్యలో తక్కువ, బరువులో ఎక్కువ.

కారణం వేరైనప్పుడు స్పందనా వేరుగా ఉండాలి. మొదటి తరగతికి వెసులుబాటు కావాలి, రెండో తరగతికి దిద్దుబాటు కావాలి, మూడో తరగతికి గౌరవం కావాలి.

3. మొదటి మాట

లేఖ చేతికి అందిన తొలి క్షణాల్లో నాయకుడు అనే మాట ఉద్యోగికి చాలాకాలం గుర్తుండిపోతుంది. ఆ సమయంలో సులువుగా నోటికి వచ్చే మాటలు మూడు ఉంటాయి, మూడూ చెడుపు చేసేవే. “ఇంత చేస్తే ఇదా ప్రతిఫలం” అన్న నిందలో ఉద్యోగాన్ని ఉపకారంగా చూసే దృష్టి ఉంది. “నువ్వు పోతే నా గతేమిటి” అన్న దీనత్వం ఉద్యోగి మీద అపరాధ భావాన్ని మోపుతుంది. “సరే, పో” అన్న తేలికతనం ఇన్నాళ్ళ శ్రమను ఒక్కమాటతో కొట్టిపారేస్తుంది.

సరైన పద్ధతి కష్టమైనదేమీ కాదు. తలుపు వేసి, ఫోను పక్కన పెట్టి, కూర్చోబెట్టి వినాలి. నిర్ణయం చెప్పడానికి ధైర్యం కూడగట్టుకుని వచ్చిన మనిషికి ముందు ఇన్నాళ్ళ పనికి కృతజ్ఞత అందాలి. తర్వాత మూడు సంగతులు తెలుసుకోవాలి: నిర్ణయం ఖాయమైందా, ఎప్పటికి వెళ్ళాలి, ఈ సంగతి ఇంకా ఎవరికి తెలుసు. కారణం గురించి ఒకసారి అడగవచ్చు. చెప్పడానికి ఇష్టపడకపోతే ఆ రోజుకు అక్కడితో ఆపాలి.

కోపంలో రాసిన రాజీనామాలు కూడా ఉంటాయి. ఒక సమావేశంలో మాట పడి, ఆ సాయంత్రమే లేఖ ఇచ్చేవారు ఉంటారు. అలాంటి లేఖను అప్పటికప్పుడు ఆమోదించడం చురుకుదనం అనిపించుకోదు. ఒకటి రెండు రోజుల వ్యవధి ఇవ్వడం న్యాయం. చట్టం కూడా ఈ వ్యవధిని గుర్తించింది. రాబోయే ఒక తేదీ నుంచి అమలయ్యేలా ఇచ్చిన రాజీనామాను, వేరే నిబంధన ఏదీ అడ్డు లేకపోతే, ఆ తేదీకి ముందు వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1978లో ఒక హైకోర్టు న్యాయమూర్తి రాజీనామా కేసులో స్పష్టం చేసింది. మనసు మార్చుకునే హక్కు ఉన్నప్పుడు, మార్చుకునే వాతావరణం కల్పించడం నాయకుడి పని.

4. నిలపడమా, సాగనంపడమా

రాజీనామాను అంగీకరించాలా, ఆపాలా అన్నది రెండో ప్రశ్న. ఒకే నాయకుడు రెండు సందర్భాల్లో రెండు రకాలుగా నిర్ణయించిన ఉదాహరణ పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న కాలంలో కనిపిస్తుంది.

1992 జులైలో వాణిజ్య శాఖ సహాయ మంత్రి పి. చిదంబరం రాజీనామా చేశారు. సెక్యూరిటీల కుంభకోణంలో పేరు వినబడిన ఫెయిర్‌గ్రోత్ అనే కంపెనీలో ఆయన కుటుంబం వాటాలు కొన్నదన్న విషయం దానికి నేపథ్యం. ప్రధాని ఆ రాజీనామాను ఆమోదించారు. 1993 డిసెంబరులో అదే కుంభకోణంపై సంయుక్త పార్లమెంటరీ సంఘం నివేదిక వచ్చి ఆర్థిక శాఖను తప్పుపట్టినప్పుడు, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ రాజీనామా ఇచ్చారు. ప్రధాని దాన్ని ఆమోదించలేదు. మన్మోహన్ సింగ్ ఆ ప్రభుత్వం ఉన్నంతకాలం, 1996 వరకు, ఆర్థిక మంత్రిగా కొనసాగారు. చిదంబరం కూడా 1995 ఫిబ్రవరిలో తిరిగి వాణిజ్య శాఖకే వచ్చారు.

ఈ రెండు నిర్ణయాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక కొలమానం దొరుకుతుంది. వ్యక్తి సొంత వ్యవహారం మీద ప్రశ్న లేచినప్పుడు తప్పుకోవడం ఆ వ్యక్తికీ పదవికీ మేలు చేస్తుంది. వ్యవస్థలో జరిగిన లోపానికి బాధ్యతగా ఇచ్చిన రాజీనామా అయితే, ఆ లోపాన్ని దిద్దే సామర్థ్యం ఆ మనిషికే ఉన్నప్పుడు, ఉంచుకుని దిద్దించడం మేలు. చిన్న సంస్థలోనూ ఇదే వర్తిస్తుంది. లెక్కల్లో తేడా వచ్చిందని సహకార సంఘం కార్యదర్శి రాజీనామా ఇస్తే, ఆ తేడా సొంత ప్రయోజనం వల్ల వచ్చిందా, పద్ధతిలోని లోపం వల్ల వచ్చిందా అన్నది ముందు తేల్చాలి.

జీతం పెంచి ఆపడం అన్నిటికన్నా ఎక్కువగా వాడే ఉపాయం. దాన్ని జాగ్రత్తగా వాడాలి. ఆ పెంపు న్యాయమైనదైతే లేఖ రాకముందే ఇచ్చి ఉండవలసింది. న్యాయమైనది కాకపోతే లేఖ చూసి ఇవ్వకూడదు. లేఖ పెడితేనే జీతం పెరుగుతుందని మిగిలినవారు నేర్చుకుంటే, సంస్థలో ప్రతి ఏడాదీ లేఖలు వస్తూనే ఉంటాయి. ఉద్యోగి జీతం మార్కెట్ కన్నా తక్కువని రాజీనామా ద్వారా తెలిస్తే, ఆ ఒక్కరికే కాక ఆ పని చేసే అందరికీ సవరించడం సరైన జవాబు.

జీతం కాని కారణమైతే, దిద్దగలిగిన దాన్ని దిద్దుతానని తేదీతో సహా చెప్పాలి. వాగ్దానం నమ్మి ఆగిన మనిషికి ఆ తేదీ దాటిపోతే, రెండోసారి వచ్చే రాజీనామాకు మందు ఉండదు. మనిషి ఆగినా ఆగకపోయినా ఆ దిద్దుబాటు మాత్రం జరగాలి. ఒక పైఅధికారి దురుసుతనం వల్ల ముగ్గురు వెళ్ళిపోయాక కూడా నాలుగో మనిషిని వెతకడం దగ్గరే ఆగిపోయే సంస్థలో రోగం అలాగే ఉంటుంది.

5. మహబూబ్‌నగర్, అరియలూరు: 1956

నైతిక బాధ్యతతో చేసిన రాజీనామాకు నాయకుడు ఎలా స్పందించాలో తెలిపే ప్రసిద్ధ ఉదాహరణ తెలుగు నేల మీదే మొదలైంది. 1956 వర్షాకాలంలో మహబూబ్‌నగర్, జడ్చర్ల మధ్య రైలు వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా లేఖ ఇచ్చారు. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దాన్ని ఆమోదించకుండా ఆపారు.

అదే ఏడాది నవంబరు 23న మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర, వరదకు దెబ్బతిన్న వంతెన వద్ద తూత్తుకుడి ఎక్స్‌ప్రెస్ పడిపోయింది. 140 మందికి పైగా చనిపోయారు. శాస్త్రి మళ్ళీ రాజీనామా చేశారు. ఈసారి నెహ్రూ ఆమోదించారు. ఆమోదిస్తూ పార్లమెంటులో రెండు విషయాలు స్పష్టంగా చెప్పారు. ప్రమాదానికి శాస్త్రి కారకులు కారు. రాజ్యాంగ మర్యాదకు ఒక ఉదాహరణగా నిలుస్తుందనే దీన్ని ఆమోదిస్తున్నారు. శాస్త్రి గుణగణాలను, సహచరుడిగా ఆయన విలువను నెహ్రూ సభలో బహిరంగంగా కొనియాడారు.

ఇందులో నేర్చుకోవలసినవి మూడు ఉన్నాయి. మొదటిది, మొదటి లేఖను ఆపడం ద్వారా ఆ మనిషి మీద నమ్మకం చాటారు. రెండోది, రెండోసారి ఆపి ఉంటే ఆ నిర్ణయం మొక్కుబడిగా మారేది. సహచరుడి మనస్సాక్షిని గౌరవించడానికి ఒక దశలో ఒప్పుకోవడమే దారి. మూడోది, ఆమోదానికీ నిందకూ మధ్య గీత గీశారు. వెళ్ళడానికి కారణం ఏదో, కానిది ఏదో అందరి ముందూ చెప్పారు. చాలా సంస్థల్లో జరగనిది ఈ మూడోదే. రాజీనామా ఆమోదించి మౌనంగా ఉండిపోతే, ఆ ఖాళీని ఊళ్ళోని ఊహలు నింపుతాయి.

శాస్త్రి 1957 ఎన్నికల్లో పార్టీ బాధ్యతలు మోసి, ఆ ఎన్నికల తర్వాత రవాణా, కమ్యూనికేషన్ల మంత్రిగా తిరిగి వచ్చారు. 1961లో హోం మంత్రి అయ్యారు. 1963లో, సీనియర్ నాయకులు పదవులు వదిలి పార్టీ పనికి మారాలన్న కామరాజ్ ప్రణాళిక కింద, మళ్ళీ పదవి వదిలారు. 1964 జనవరిలో నెహ్రూ అనారోగ్యం పాలైనప్పుడు శాఖ లేని మంత్రిగా మళ్ళీ పిలుపు వచ్చింది. ఆ జూన్‌లో ప్రధాని అయ్యారు. గౌరవంగా జరిగిన వీడ్కోలు తిరిగి రావడానికి దారి మూయలేదు.

6. తర్వాత వచ్చేవారు

వెళ్ళిన మనిషి స్థానంలో ఎవరిని పెట్టాలన్నది సంస్థ భవిష్యత్తును నిర్ణయిస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇందుకు మంచి ఉదాహరణ. 1926లో స్థాపించిన ఆ విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి. శాసనోల్లంఘన ఉద్యమ కాలంలో ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆయన 1930లో రాజీనామా చేశారు. విశ్వవిద్యాలయం అప్పటికి ఇంకా పసిది. దాన్ని నిలబెట్టిన మనిషే తప్పుకున్నారు.

1931లో ఆ పదవికి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. కట్టమంచి సాహితీ విమర్శకుడు, రాజనీతిజ్ఞుడు. రాధాకృష్ణన్ తత్త్వవేత్త. ఒకరి పద్ధతికి మరొకరి పద్ధతి నకలు కాదు. రాధాకృష్ణన్ హయాంలో సూరి భగవంతం, టి.ఆర్. శేషాద్రి, వి.కె.ఆర్.వి. రావు, హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటి యువ పండితులు విశ్వవిద్యాలయంలో చేరారు. 1936లో కట్టమంచి అదే పదవికి తిరిగి వచ్చి 1949 వరకు కొనసాగారు.

వెళ్ళిన మనిషికి అచ్చంగా సాటివచ్చే మనిషిని వెతకడం వృథా ప్రయాస. వెళ్ళినవారి బలం ఏదో, సంస్థకు ఇప్పుడు కావలసిన బలం ఏదో విడివిడిగా చూడాలి. కొత్తగా వచ్చినవారిని రోజూ పాతవారితో పోల్చడం వారికి చేసే అన్యాయం. “మునుపటి హెడ్మాస్టరు గారైతేనా” అన్న మాట స్టాఫు రూములో వినిపించినప్పుడు, దాన్ని ఆపవలసింది నాయకుడే. కట్టమంచి తిరిగి రావడం మరో సంగతి కూడా చెబుతుంది. నిరసనతో వెళ్ళిన మనిషి సంస్థకు శత్రువు కాదు. ఆయన వ్యతిరేకించింది ఒక ప్రభుత్వ విధానాన్ని, విశ్వవిద్యాలయాన్ని కాదు. ఈ తేడా గుర్తించిన సంస్థే తన మంచి మనుషులను మళ్ళీ పిలుచుకోగలుగుతుంది.

7. ఛార్జి అప్పగింత

ప్రభుత్వ కార్యాలయాల్లో ఛార్జి అప్పగించడం అంటే తాళాలు, రిజిస్టర్లు, నగదు, స్టాకు లెక్క చూపి సంతకాలు చేయడం. అది అవసరమే కానీ సరిపోదు. రాతలో లేని తెలివిడిని అప్పగించే ఏర్పాటు వేరుగా చేయాలి.

నల్లమలలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలో విస్తీర్ణంలో అతిపెద్దది. అక్కడి బేస్ క్యాంపుల్లో రక్షణ సిబ్బందిగా చెంచులు పనిచేస్తారు. అడుగుజాడ చూసి జంతువును పోల్చడం, ఎండాకాలంలో ఏ చెలమలో నీరు మిగులుతుందో చెప్పడం, అడవిలో అపరిచితులు తిరిగిన ఆనవాలు పట్టడం వారికి పెంపకంలో వచ్చిన విద్య. అలాంటి ట్రాకర్ ఒకరు పని మానేస్తే, ఆ విద్యను ఫైలులో రాసి ఉంచడం ఎవరికీ సాధ్యం కాదు. పెద్ద ట్రాకర్‌తో ఒక కుర్రవాణ్ణి ముందునుంచే జంటగా తిప్పితేనే అది నిలుస్తుంది. అప్పగింత చివరి వారంలో కాక చేరిన నాటి నుంచే మొదలు కావాలన్న సూత్రం ఇక్కడ తేటతెల్లమవుతుంది.

దోర్నాల పక్కనే జరిగిన వెలిగొండ సొరంగాల తవ్వకం మరో రకం పాఠం. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం అంచున కొల్లంవాగు నుంచి దోర్నాల వైపు నల్లమల కింద తవ్విన రెండు సొరంగాలు ఒక్కోటి సుమారు 18.8 కిలోమీటర్ల పొడవు. మొదటిది 7 మీటర్ల వ్యాసం, రెండోది 9.2 మీటర్లు. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండోదాని తవ్వకం 2024 జనవరిలో పూర్తయ్యాయి. శంకుస్థాపన నాడు కొలువులో చేరిన యువ ఇంజనీరు రెండో సొరంగం పూర్తయ్యేసరికి సర్వీసులో సగానికి పైగా గడిపేసి ఉంటారు. ఇంత దీర్ఘమైన పనిలో మనుషులు మారడం తప్పదు. రాతి పొరల స్వభావం, నీటి ఊటలు తగిలిన చోట్లు, ప్రతి నిర్ణయానికీ ఆనాడు చూపిన కారణం రాసి ఉంటేనే తర్వాతివారు ముందుకు సాగగలరు. ఏం చేశారో రాసే అలవాటు మనకు ఉంది. ఎందుకు చేశారో రాసే అలవాటు పెరగాలి.

చిన్న సంస్థకు పనికొచ్చే అప్పగింత పత్రంలో అయిదు అంశాలు ఉంటే చాలు. చేతిలో ఉన్న పనులు, అవి ఏ దశలో ఉన్నాయి. ఏడాదిలో ఏ నెలలో ఏది ముంచుకొస్తుంది. శివరాత్రి రోజుల్లో శ్రీశైలం యాత్రికుల రద్దీకి దోర్నాల ఆసుపత్రి ఏ ఏర్పాట్లు చేసుకోవాలన్నది ఇలాంటిదే. ఎవరితో ఏ పనికి మాట్లాడాలి. ఎవరికి ఏ మాట ఇచ్చి ఉన్నారు. ఏ పనిలో ఇంతకుముందు ఏ తప్పు జరిగింది. వీటికి తోడు, వెళ్ళేవారూ వచ్చేవారూ కలిసి పనిచేసే రోజులు కొన్నైనా ఉండాలి. నోటీసు కాలమంతా పాత పనులే నెత్తిన వేసి, చివరి రోజు అప్పగింత అడిగితే పత్రం వస్తుంది గానీ పని రాదు.

8. మిగిలినవారు

రాజీనామా వార్త దాగదు. దోర్నాల లాంటి ఊళ్ళో ఆమోదపత్రం టైపు కాకముందే సెంటరులో తెలిసిపోతుంది. అందువల్ల నాయకుడే ముందుగా చెప్పాలి. ఏ మాటల్లో చెప్పాలో వెళ్ళే మనిషితో కలిసి నిర్ణయించుకోవాలి. వారి సొంత కారణాలు చెప్పే హక్కు వారిదే. ఎప్పటివరకు ఉంటారు, ఆ తర్వాత పని ఎవరు చూస్తారు, కొత్తవారు ఎప్పటికి వస్తారు అన్న మూడు సంగతులు మాత్రం మిగిలినవారికి తప్పనిసరిగా చెప్పాలి.

ఖాళీ అయిన పనిని పంచడంలో ఒక తప్పు తరచూ జరుగుతుంది. బాగా చేసేవారి మీదే మరింత పని వేస్తారు. ఇద్దరు టీచర్లున్న బడిలో ఒకరు వెళ్తే, మిగిలినవారు అన్ని తరగతులూ, మధ్యాహ్న భోజనం లెక్కలూ, ఆన్‌లైన్ నమోదులూ మోస్తారు. కొన్ని నెలలకు వారూ బదిలీ కోసమో రాజీనామా కోసమో చూస్తారు. ఒక రాజీనామా రెండో దాన్ని ఇలా కంటుంది. దీనికి విరుగుడు, ఖాళీ నిండేదాకా ఏ పని ఆగుతుందో, ఏది ఆలస్యమవుతుందో నాయకుడే నిర్ణయించి ప్రకటించడం. అదనంగా మోసేవారికి అదనపు భత్యమో సెలవో కనీసం గుర్తింపో ఇవ్వడం.

వెళ్ళిన మనిషి గురించి వారు లేనప్పుడు నాయకుడు మాట్లాడే తీరును మిగిలినవారు శ్రద్ధగా వింటారు. రేపు తమ గురించీ ఇలాగే మాట్లాడతారని అర్థం చేసుకుంటారు. నిన్నటిదాకా మెచ్చుకున్న మనిషిని వెళ్ళాక చులకన చేస్తే, ఆ మెప్పులేవీ నిజం కాదని తేలిపోతుంది.

9. బాకీలు, పత్రాలు

వీడ్కోలు సభ, శాలువా, జ్ఞాపిక మంచివే. వాటికన్నా ముందు తీర్చవలసినవి బాకీలు. వేతనాల కోడ్, 2019 ప్రకారం రాజీనామా చేసిన ఉద్యోగికి రావలసిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఈ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. పదిమందీ అంతకు మించీ పనిచేసే సంస్థలో అయిదేళ్ళు ఏకధాటిగా పనిచేసినవారికి గ్రాట్యుటీ హక్కు ఉంటుంది. సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం చొప్పున లెక్కగట్టి, 30 రోజుల్లోగా ఇవ్వాలి. ప్రావిడెంట్ ఫండ్ ఖాతా కొత్త యజమాని దగ్గరకు మారడానికి కావలసిన వివరాలు సరిచేసి ఇవ్వాలి. రిలీవింగ్ ఉత్తర్వు, అనుభవ ధ్రువపత్రం చివరి రోజునే చేతికి ఇవ్వడం మర్యాద.

ప్రైవేటు విద్యాసంస్థల్లో అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకుని, విద్యా సంవత్సరం మధ్యలో వెళ్ళకుండా ఆపే అలవాటు అక్కడక్కడా ఉంది. సర్టిఫికెట్ల కోసం ఆగిన ఉపాధ్యాయులు తరగతిలో శరీరంతో ఉంటారు, మనసుతో ఉండరు. నష్టపోయేది పిల్లలు. మధ్యలో వెళ్తే ఇబ్బంది నిజమే. దానికి పరిష్కారం చేరేటప్పుడే నోటీసు కాలాన్ని స్పష్టంగా రాసుకోవడం, రెండు పక్షాలూ దానికి కట్టుబడటం.

ప్రభుత్వ ఉద్యోగి విషయంలో నాయకుడికి మరో బాధ్యత ఉంది. పాత పింఛను పద్ధతి కింద ఉన్నవారు రాజీనామా చేస్తే గత సర్వీసు సాధారణంగా రద్దవుతుంది. మరో ప్రభుత్వ ఉద్యోగంలో చేరడానికి అనుమతితో చేసినదైతే మినహాయింపు ఉంటుంది. అదే 20 ఏళ్ళ అర్హ సర్వీసు పూర్తిచేసి, మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద విరమణ తీసుకుంటే పింఛను దక్కుతుంది. ఇంటి కష్టంతో రాజీనామా లేఖ తెచ్చిన అలాంటి ఉద్యోగికి ఈ తేడా చెప్పి, స్వచ్ఛంద విరమణ దారి చూపే అధికారి ఒక కుటుంబాన్ని నిలబెట్టినవారవుతారు.

వెళ్ళే మనిషి నుంచి సంస్థ నేర్చుకునే అవకాశం కూడా ఈ దశలోనే ఉంటుంది. చివరి సంభాషణను నేరుగా పైఅధికారి కాకుండా మరొకరు జరిపితే మాట స్వేచ్ఛగా వస్తుంది. “ఎందుకు వెళ్తున్నారు” అన్న ప్రశ్నకన్నా, “ఏ రోజున మొదటిసారి వెళ్ళాలనిపించింది”, “ఏం మారి ఉంటే ఆగేవారు” అన్న ప్రశ్నలకు నిజమైన జవాబులు వస్తాయి. బాకీలన్నీ తీరి ధ్రువపత్రం చేతికి అందాక అడిగితే భయం కూడా ఉండదు. చెప్పినవారి పేరు బయటపడకూడదు, చెప్పిన లోపం మాత్రం దిద్దుబాటుకు నోచుకోవాలి.

10. తిరిగి వచ్చే దారి

1964 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి రాజీనామా చేశారు. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలు అందుకు కారణం. ముఖ్యమంత్రిపై వచ్చిన ఆరోపణకు జవాబుగా ఆయన అఫిడవిట్ వేయలేదని కోర్టు గుర్తించింది. రాజీనామా తర్వాత నాలుగు నెలలు తిరక్కుండానే, 1964 జూన్‌లో, ప్రధాని శాస్త్రి తన మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖను సంజీవరెడ్డికి ఇచ్చారు. అరియలూరు తర్వాత తప్పుకుని తిరిగి వచ్చిన నాయకుడే, తప్పుకున్న మరో నాయకుణ్ణి పిలిచారు. సంజీవరెడ్డి 1967లో లోక్‌సభ స్పీకర్, 1977లో రాష్ట్రపతి అయ్యారు.

రాజీనామాను మచ్చగా చూడని సంప్రదాయం వల్ల ఒక సమర్థుడి సేవ దేశానికి మిగిలింది. చిన్న సంస్థలకూ ఇది అందుబాటులో ఉన్నదే. వెళ్ళినవారి ఫోను నంబరు ఉంచుకోవడం, వార్షికోత్సవానికి పిలవడం, కొత్తవారికి సందేహం వస్తే అడగగలిగే స్నేహం నిలుపుకోవడం ఖర్చులేని పనులు. హైదరాబాదులోనో బెంగళూరులోనో కొన్నేళ్ళు పనిచేసి సొంత ఊరి దగ్గరికి రావాలనుకునేవారు ఈ ప్రాంతంలో ఎందరో. తిరిగి వచ్చేవారు కొత్త నైపుణ్యంతో, పాత ఊరి పరిచయంతో వస్తారు. అయితే తిరిగి తీసుకునేటప్పుడు ఉన్నచోటే ఉండి పనిచేసినవారి హోదాకు, సీనియారిటీకి నష్టం కలగకూడదు. వెళ్ళినవారికి ఇచ్చే గౌరవం ఉండిపోయినవారికి శిక్ష కాకూడదు.

11. లేఖ రాకముందు

రాజీనామాకు సరైన స్పందన చాలావరకు లేఖ రాకముందే మొదలవుతుంది. మనిషి వెళ్ళిపోయే ముందు కొన్ని గుర్తులు కనిపిస్తాయి. సమావేశాల్లో వాదించేవారు మౌనంగా ఉండటం, సూచనలు చేసేవారు మానుకోవడం, చేయవలసినంత మాత్రమే చేసి ఇంటికి వెళ్ళడం వాటిలో కొన్ని. ఫిర్యాదు చేసే ఉద్యోగికి సంస్థ మీద ఇంకా ఆశ ఉంది. ఫిర్యాదు మానేసిన ఉద్యోగి ఆశ వదులుకుని ఉండవచ్చు.

ఆ దశ రాకుండా నాయకుడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మంచి పనివారితో ఏడాదికి రెండుసార్లైనా, పని లెక్కలు పక్కన పెట్టి, వారి ఇంటి పరిస్థితి, ముందు ఏం చేయాలనుకుంటున్నారు అన్నది మాట్లాడాలి. ఏ పనీ ఒక్కరికే తెలిసినదిగా మిగలకుండా ప్రతి ముఖ్యమైన పనికీ రెండో మనిషిని తయారు చేయాలి. జీతాలు వేళకు అందేలా చూడాలి. మారుమూల పనిచేసేవారికి ఇల్లు, ప్రయాణం, పిల్లల చదువు విషయంలో సంస్థ చేయగల సాయాన్ని అడగకముందే చెప్పాలి.

ఇవన్నీ చేసినా కొందరు వెళ్తారు. మనిషికి తన జీవితాన్ని ఎంచుకునే హక్కు ఉంది, ఏ సంస్థా దాన్ని కొనలేదు. వెళ్ళాలనుకున్నవారిని విని, ఆపదగినవారిని న్యాయంగా ఆపి, ఆపరానివారిని అందరి ముందూ గౌరవించి, వారి బాకీ తీర్చి, వారి పనిని నిలబెట్టి, మిగిలినవారికి అండగా ఉండే నాయకుడి సంస్థలో రాజీనామాలు ఆగిపోవు. కానీ వాటి వల్ల పని ఆగదు, మంచి మనుషులు ఆ సంస్థలో చేరడానికి వెనుకాడరు.